ఎల్లాప్రగడ సుబ్బారావు: కణంలో నడిచే బుల్లి కూలీల ఇంధనాన్ని పట్టుకున్న భీమవరం డాక్టర్.. వాళ్ల నడక మాత్రం చూడలేదు!

వెలిమెల, కొల్లూరు, పటాన్‌చెరు రోడ్ల మీద తెల్లారకముందే హడావుడి మొదలవుతుంది. షిఫ్టు బస్సులు ఒకవైపు, డ్రమ్ములు మోసుకెళ్లే లారీలు ఇంకోవైపు. పక్కనే ఔటర్ రింగ్ రోడ్డు. సరుకు ఒకచోట తయారవుతుంది, ఇంకోచోట కావాలి. మధ్యలో రోడ్డు, బండి, డీజిల్.. ఈ మూడూ ఉంటేనే పని జరుగుతుంది.

ఇప్పుడు మీరు ఫోన్ పట్టుకున్న ఆ వేలి చివర కూడా అచ్చం ఇదే జరుగుతోంది. ఒక్కో కణంలో సన్నటి గొట్టాల్లాంటి దారులున్నాయి. వాటి పేరు మైక్రోట్యూబుల్స్. ఆ దారుల మీద రెండు కాళ్లతో అడుగులో అడుగు వేసుకుంటూ, నెత్తిన మూటలు మోస్తూ ప్రొటీన్లు నడుస్తుంటాయి. వీటిని మోటార్ ప్రొటీన్లు అంటారు. యూట్యూబ్‌లో ఆ యానిమేషన్ చాలామంది చూసే ఉంటారు. పెద్ద బంతిని లాక్కుంటూ బుడిబుడి అడుగులతో వెళ్లే ఆ బుల్లి ప్రొటీన్‌దే మీమ్స్ రాజ్యం.

మరి ఆ నడకకు డీజిల్ ఏది? ఏటీపీ. టెన్త్ సైన్స్ పుస్తకంలో కనిపించే ఆ మూడక్షరాలే. ఆ పదార్థాన్ని కండరం నుంచి బయటకు తీసి లోకానికి చూపించిన ఇద్దరిలో ఒకరు మన తెలుగాయన. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు.

కాశీకి పారిపోయిన కుర్రాడు

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు సుబ్బారావు. ఏడుగురు పిల్లల్లో నాలుగోవారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం పాడై ముందే ఉద్యోగం మానుకోవాల్సి వచ్చింది. ఇంటి భారమంతా తల్లి వెంకమ్మ మీద పడింది.

చదువు మీద ఆసక్తి పెద్దగా లేదు. పదమూడేళ్ల వయసులో ఇంట్లోంచి పారిపోయారు. ప్లాన్ ఏంటంటే, కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదించడం! ఇంట్లోవాళ్లు వెతికి వెనక్కి తెచ్చారు. వెంకమ్మ మాత్రం పట్టు వదల్లేదు. నగలు అమ్మి మరీ చదివించారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్లో రాసి గట్టెక్కారు.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ అయ్యాక మనసు రామకృష్ణ మిషన్ వైపు మళ్లింది. సన్యాసం తీసుకుంటానన్నారు. తల్లి ససేమిరా అన్నారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఫీజులకు స్నేహితులు, బంధువు కస్తూరి సూర్యనారాయణ మూర్తి సాయపడ్డారు. 1919లో ఆయన కూతురు శేషగిరితోనే సుబ్బారావుకు పెళ్లయింది.

ఖాదీ కోటు తెచ్చిన చిక్కు

అవి గాంధీజీ విదేశీ బట్టలు వదిలేయమని పిలుపిచ్చిన రోజులు. సుబ్బారావు ఆపరేషన్ థియేటర్‌లోకి కూడా ఖాదీ గౌను వేసుకునే వెళ్లారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాత పరీక్షలన్నీ బాగానే రాసినా, చివరికి చేతికి వచ్చింది ఎంబీబీఎస్ కాదు. ఎల్ఎంఎస్ అనే తక్కువ స్థాయి సర్టిఫికెట్. మద్రాసు మెడికల్ సర్వీసులో ఉద్యోగానికి ప్రయత్నించారు, రాలేదు. ఓ ఆయుర్వేద కాలేజీలో అనాటమీ పాఠాలు చెప్పుకునే పనిలో కుదురుకున్నారు.

ఈ లోపే ఆ ఇంటి మీద పిడుగు పడింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి.. రోజుల తేడాతో ఇద్దరూ చనిపోయారు. కారణం స్ప్రూ అనే జబ్బు. మన వైద్యులు గ్రహణి అంటారు. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతూ మనిషి ఎండిపోతాడు. అప్పటికి దానికి సరైన మందు లేదు. సుబ్బారావుకు కూడా అదే జబ్బు వచ్చింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు.

తనను బతికించింది ఏంటి? అన్నదమ్ములను చంపింది ఏంటి? ఈ రెండు ప్రశ్నలతోనే ఆయన ఓడ ఎక్కారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్ కొంత సాయం చేస్తామంది. మిగతాది మామగారు చూసుకున్నారు. 1922 అక్టోబర్ 26న బోస్టన్‌లో దిగేసరికి వయసు 27. ఇక్కడ భార్య గర్భవతి.

పగలు హార్వర్డ్.. రాత్రి బెడ్‌పాన్లు

చదువు హార్వర్డ్‌లో ట్రాపికల్ మెడిసిన్. పేరు గొప్పదే కానీ జేబు ఖాళీ. అమెరికాలో డాక్టర్‌గా పనిచేయడానికి మన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్ పనికిరాలేదు. దాంతో బోస్టన్‌లోని ఓ ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ పోర్టర్‌గా చేరారు. రోగుల బెడ్‌పాన్లు ఎత్తడం, కడగడం.. అదీ పని. ఇంటికి రాసే ఉత్తరాల్లో కష్టం ఎంత చెప్పారో కానీ, ఇంటి నుంచి మాత్రం ఓ ఘోరమైన కబురు వచ్చింది. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు ఇన్ఫెక్షన్‌తో నెలల పసికందుగానే చనిపోయాడు. బిడ్డ ముఖం ఆయన చూడనే లేదు.

మూడేళ్లలో తిరిగొస్తానని చెప్పి వెళ్లిన మనిషి. డిప్లొమా అయిపోయింది. కానీ వెనక్కి రాలేదు. హార్వర్డ్ బయోకెమిస్ట్రీ విభాగంలో చేరిపోయారు.

నీలి రంగు ఎందుకు లేటైంది?

అసలు కథ ఇక్కడే ఉంది. కాస్త నిదానంగా చదవండి.

ఆ విభాగంలో సైరస్ ఫిస్కే అనే ప్రొఫెసర్ దగ్గర సుబ్బారావుకు ఓ పని అప్పజెప్పారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో తేలిగ్గా కొలిచే పద్ధతి కనిపెట్టాలి. ఇద్దరూ కలిసి 1925లో ఒక పరీక్ష తయారు చేశారు. శాంపిల్‌లో కొన్ని రసాయనాలు కలిపితే నీలి రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. అంతే. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి పేరుతో బయోకెమిస్ట్రీ చదివేవాళ్లు ఇప్పటికీ ల్యాబ్‌లో చేసే పరీక్ష ఇదే.

ఇదే పరీక్షను కండరం మీద చేసినప్పుడు ఓ వింత కనిపించింది. నీలి రంగు వెంటనే రాలేదు. మెల్లగా, ఆలస్యంగా చిక్కబడుతోంది. ఇంకొకరైతే రసాయనం పాడైందనుకుని పారబోసేవారు. వీళ్లు ఆగి ఆలోచించారు. కండరంలో ఫాస్ఫరస్ ఉంది, కానీ దేన్నో పట్టుకుని ఉంది. పరీక్ష జరుగుతుండగా ఆ పట్టు విడిపోతోంది, అందుకే రంగు లేటవుతోంది. వెతికితే దొరికింది ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు. ఇంగ్లండ్‌లో ఎగ్లెటన్ దంపతులు కూడా అప్పుడే దీని జాడ పట్టుకున్నారు కానీ, అసలు అది ఏ పదార్థమో తేల్చింది ఫిస్కే, సుబ్బారావులే.

జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లు డబ్బాలు డబ్బాలు కొంటున్న క్రియాటిన్ పౌడర్ ఉంది కదా.. అది ఒంట్లోకి వెళ్లి పెంచేది ఈ ఫాస్ఫోక్రియాటిన్‌నే. కరెంటు పోగానే అందుకునే ఇన్వర్టర్ లాంటిది అన్నమాట. కొన్ని సెకన్ల పాటు బరువు లేపడానికి అది చాలు.

మరి అసలు కరెంటు ఏది? 1929లో అదీ దొరికింది. అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, క్లుప్తంగా ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దీన్ని కనిపెట్టారు. అందుకే చరిత్రలో రెండు పేర్లూ ఉంటాయి. అప్పటిదాకా కండరం కదలడానికి లాక్టిక్ యాసిడ్ కారణమని శాస్త్రవేత్తలు నమ్మేవారు. ఆ పరిశోధనలకే హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ బహుమతి వచ్చింది. ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ బయటపడ్డాక ఆ నమ్మకం నిలబడలేదు.

ఒక అడుగు.. ఒక ఏటీపీ

ఏటీపీ అణువుకు తోకలా మూడు ఫాస్ఫేట్లు వరసగా ఉంటాయి. చివరిది తెగినప్పుడు శక్తి బయటపడుతుంది. మనం తిన్న అన్నం, రొట్టె, పప్పు.. అన్నీ చివరికి కణంలో ఈ ఏటీపీగానే మారాలి. ఒంట్లో ఏ క్షణాన చూసినా అది ఉండేది కొంచెమే. కానీ ఖర్చవుతూ, మళ్లీ తయారవుతూ ఒక్క రోజులో తిరిగేదంతా లెక్కేస్తే దాదాపు మనిషి బరువంత!

సుబ్బారావు కాలంలో అందరూ ఏటీపీని కండరాల కోణంలోనే చూశారు. కణం లోపల దారులున్నాయని, వాటి మీద మోత పని జరుగుతోందని అప్పటికి తెలియదు. ఇప్పుడు తెలుసు. మైక్రోట్యూబుల్ మందం 25 నానోమీటర్లు. అంటే వెంట్రుక మందంలో సుమారు మూడు వేల వంతుల్లో ఒక వంతు. ట్యూబులిన్ అనే ప్రొటీన్ ఇటుకలతో కట్టిన గొట్టం అది. దాని మీద కణం అంచు వైపు ఎక్కువగా నడిచేది కైనెసిన్. కణం మధ్యకు తిరిగి మోసుకొచ్చేది డైనీన్. ఒకటి అప్, ఇంకోటి డౌన్.

కైనెసిన్ నడక చూస్తే ముచ్చటేస్తుంది. ముందు పాదం గొట్టాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఒక ఏటీపీ వచ్చి ఆ పాదంలో కూర్చోగానే, పాదం పైనున్న మెడలాంటి భాగం ముందుకు వాలి అతుక్కుంటుంది. ఆ విసురుకు వెనక పాదం ముందుకొచ్చి పడుతుంది. ఈలోగా మొదటి పాదంలో ఏటీపీ తోక తెగుతుంది, పట్టు సడలుతుంది, ఇప్పుడు దాని వంతు. ఒక్కో అడుగుకు ముందుకు జరిగేది 8 నానోమీటర్లు. ఒక్కో అడుగుకు ఖర్చు ఒక్క ఏటీపీ. సెకనుకు వంద అడుగుల దాకా వేస్తుంది. రెండు పాదాలూ ఒకేసారి లేవవు. లేస్తే మూటతో సహా కొట్టుకుపోవడమే. అయినా ఒక్కో కైనెసిన్ ఏకబిగిన వంద అడుగుల వరకే నిలుస్తుంది, తర్వాత దారి మీంచి జారిపోతుంది. అందుకే ఒక్కో మూటకు చాలా మోటార్లు కలిసి పనిచేస్తాయి.

ఇదంతా ఎందుకంటారా? మీ నడుం దగ్గర వెన్నుపూసలో మొదలైన నరకణం ఒక్కటే కాలి బొటనవేలి దాకా సాగుతుంది. దాదాపు మీటరు పొడవు. దానికి కావాల్సిన సరుకు చాలావరకు తయారయ్యేది పైన ఉన్న కణ శరీరంలోనే. అక్కడి నుంచి కాలి దాకా మోసేది ఈ మోటార్లే. నరాల్లో వీటి వేగం రోజుకు 200 నుంచి 400 మిల్లీమీటర్లు. అంటే సరుకు పాదం చేరాలంటే మూడు నుంచి ఐదు రోజుల ప్రయాణం. రోడ్డు తెగినా, బండి చెడినా, డీజిల్ అయిపోయినా మొదట తిమ్మిరెక్కేది పాదాలే.

పదోన్నతి ఇవ్వని హార్వర్డ్

ఇంత కనిపెట్టిన మనిషిని హార్వర్డ్ నెత్తిన పెట్టుకుని ఉంటుందనుకుంటాం. అలా జరగలేదు. 1930లో పీహెచ్‌డీ అయితే వచ్చింది కానీ, శాశ్వత ప్రొఫెసర్ ఉద్యోగం మాత్రం ఇవ్వలేదు. పేపర్ల మీద ఫిస్కే పేరు ముందు, సుబ్బారావు పేరు వెనక. ఆయన కనిపెట్టిన మరికొన్ని పదార్థాలను ఫిస్కే బయటకు రానివ్వలేదని, వాటిని ఏళ్ల తర్వాత వేరేవాళ్లు మళ్లీ కనిపెట్టాల్సి వచ్చిందని చాలాకాలానికి జార్జ్ హిచింగ్స్ చెప్పారు. ఈ హిచింగ్స్ అదే ల్యాబ్‌లో సుబ్బారావుతో కలిసి పనిచేసినాయన, 1988లో నోబెల్ అందుకున్నాయన. కాబట్టి మాటకు బరువుంది. ఇందులో సుబ్బారావు మొహమాటం పాత్ర కూడా లేకపోలేదు. తన వాటా కోసం గొంతు పెంచే రకం కాదు ఆయన.

1940లో హార్వర్డ్ వదిలేసి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. కొద్ది కాలానికే పరిశోధన విభాగం డైరెక్టర్ అయ్యారు. మన పటాన్‌చెరు బెల్ట్‌లో మందుల కంపెనీలో పనిచేసేవాళ్లకు ఈ వాతావరణం కొత్తగా చెప్పక్కర్లేదు. టన్నుల కొద్దీ ముడిసరుకు, అందులోంచి చిటికెడు అసలు పదార్థం. లివర్‌లో ఉండే ఓ విటమిన్ కోసం ఆయన టీమ్ వెంటపడింది. 1945లో దాన్ని ల్యాబ్‌లో కృత్రిమంగా తయారు చేశారు. అదే ఫోలిక్ యాసిడ్.

గర్భిణులకు ఆశా కార్యకర్తలు ఐరన్‌తో కలిపి ఇచ్చే మాత్రలో ఉండేది ఇదే. ఇంకో సంగతి, స్ప్రూ జబ్బులో రక్తం పడిపోకుండా నిలబెట్టిన మందు కూడా ఇదే. అన్నదమ్ములు పోయిన పాతికేళ్ల తర్వాత దొరికింది.

మందును తిరగేస్తే మరో మందు

బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు ఫోలిక్ యాసిడ్ రకం మందు ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా పెరిగింది. అంటే క్యాన్సర్ కణాలకు కూడా ఇది మేతే. మరి ఈ మేతను అడ్డుకుంటే? సుబ్బారావు టీమ్ ఫోలిక్ యాసిడ్‌లా కనిపిస్తూ కణాన్ని మోసం చేసే పదార్థాలు తయారు చేసి పంపింది. వాటిలో అమినోప్టెరిన్‌తో 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. పిల్లల బ్లడ్ క్యాన్సర్ మందుకు లొంగుతుందని లోకం చూడటం అదే మొదలు. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్.

మెథోట్రెక్సేట్ ఇప్పుడు కీళ్లవాతానికి కూడా వాడుతున్నారు. సాధారణంగా వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదకు వస్తుంది, ఇది గుర్తుంచుకోవాలి. దాని దుష్ప్రభావాలు తగ్గించడానికి డాక్టర్లు ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా రాస్తారు. ఒకే చీటీ మీద రెండు మందులు, రెండూ సుబ్బారావు ల్యాబ్‌వే.

పిల్లల బ్లడ్ క్యాన్సర్‌లో మెథోట్రెక్సేట్‌తో పాటు విన్‌క్రిస్టీన్ అనే ఇంజెక్షన్ కూడా ఇస్తారు. మన ఇళ్ల ముందు పెరిగే బిళ్ళగన్నేరు మొక్క నుంచి వచ్చే మందు ఇది. ఇది కొట్టేది ఎక్కడో తెలుసా? సరిగ్గా మైక్రోట్యూబుల్స్ మీదే. దారి కట్టే ట్యూబులిన్ ఇటుకలను పట్టేసుకుంటుంది. దారుల్లేకపోతే క్యాన్సర్ కణం రెండుగా చీలలేదు, అక్కడే చస్తుంది. కానీ నరాల్లోని దారులు కూడా దెబ్బతింటాయి. అందుకే ఈ మందు తీసుకునే పిల్లలకు చేతులు, కాళ్లు తిమ్మిరెక్కుతాయి. ఇందాక చెప్పుకున్న మీటరు దూరం ప్రయాణం ఆగితే ఏమవుతుందో ఆస్పత్రి వార్డులో కనిపించేది ఇలాగే.

ఇవే కాదు. బోదకాలు నివారణకు మన ఊళ్లలో ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర 1947లో సుబ్బారావు టీమ్ తెచ్చిందే. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను బెంజమిన్ డగ్గర్ కనిపెట్టింది కూడా ఆయన డైరెక్టర్‌గా ఉన్న ల్యాబ్‌లోనే.

నిద్రలోనే..

1948 ఆగస్టులో ఓ రాత్రి నిద్రలోనే గుండె ఆగిపోయింది. వయసు 53. ఫార్బర్ ఫలితాలు అచ్చయి అప్పటికి రెండు నెలలే. అమెరికాలో పాతికేళ్లకు పైగా ఉన్నా చివరిదాకా అమెరికా పౌరుడు కాలేదు. మన దేశానికి స్వాతంత్య్రం వచ్చి అప్పటికి ఏడాది కూడా నిండలేదు.

ఆయన పోయాకే కణంలో మోటార్లు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. 1965లో డైనీన్‌కు పేరు పెట్టింది ఇయాన్ గిబ్బన్స్. ఎక్కడంటే, సుబ్బారావుకు ఉద్యోగం ఖాయం చేయని అదే హార్వర్డ్‌లో. 1985లో కైనెసిన్ దొరికింది. బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ రాష్ట్రంలోనే, వుడ్స్ హోల్ అనే సముద్రతీర ఊళ్లో. రాన్ వేల్, థామస్ రీస్, మైకేల్ షీట్జ్ స్క్విడ్ అనే సముద్ర జీవి నరంలో కదలికలు చూస్తున్నారు. ఏటీపీ పోస్తే సరుకు కదులుతోంది, తీసేస్తే ఆగిపోతోంది. దొంగను పట్టుకోవడానికి ఓ ఉపాయం వేశారు. ఏటీపీలాగే ఉండి, తోక తెగని నకిలీ పదార్థం పోశారు. మోటార్లు దాన్ని నిజమైన ఇంధనం అనుకుని మింగి, అడుగు తీయలేక దారికే అతుక్కుపోయాయి. అలా దొరికిపోయాయి. క్యాన్సర్ కణాన్ని నకిలీ ఫోలిక్ యాసిడ్‌తో బోల్తా కొట్టించిన కిటుకు కూడా ఇలాంటిదే కదా.

1995లో, శతజయంతి ఏడాది, కేంద్ర ప్రభుత్వం సుబ్బారావు పేరిట తపాలా బిళ్ళ విడుదల చేసింది. లెడర్లీలో పనిచేసిన శాస్త్రవేత్తలు ఓ బూజు జాతికి సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు.

1922లో ఆయనను సాగనంపాక శేషగిరి మళ్లీ భర్తను చూడలేదు. కలిసి కాపురం చేసింది కొద్దికాలమే. ఆయన మరణవార్త కూడా సముద్రం దాటే వచ్చింది.